నెల్లూరు తీరపు యానాదులు

నెల్లూరు నగరమునకు తూర్పుగా, సముద్రమునకు చేరువలో ముత్తుకూరు అను గ్రామము కలదు. కృష్ణపట్నపు రేవు ఆ మండలములోనిదే. అచ్చట కండలేరు ఉప్పుటేరై సముద్రమున కలియును. ఆంగ్లేయుల కాలమున త్రవ్వబడిన బకింగ్‌హాం కాలువ ఆ తీరము వెంబడి సాగుచుండును. నేడు ఆ రేవునకు పెద్ద ఓడలు వచ్చుచున్నవి. రొయ్యల చెఱువులు కనుచూపు మేర పఱచుకొనియున్నవి. ముత్తుకూరులో 1991లో స్థాపింపబడిన మత్స్యశాస్త్ర కళాశాలయు కలదు.

ఈ ప్రాంతమున వరికోతలు జరుగు పొలములలోను, రొయ్యల చెఱువుల గట్లపైని, ఉప్పుటేటి బురదలోను తఱచుగా కనబడు ప్రజలు యానాదులు. 2001 జనాభా లెక్కల ప్రకారము అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో యానాదుల సంఖ్య 4,62,167. వారిలో పెక్కుమంది నెల్లూరు జిల్లావారు. వారి మాతృభాష తెలుగు. పెంచలకోన నరసింహస్వామి వారికిని దేవుడే. పెంచలయ్య, పెంచలమ్మ అను పేర్లు యానాదులలోను కలవు, ఆ జిల్లాలోని ఇతర కులములలోను కలవు. ఇట్లు ఒకే నేలపై ఒకే భాష మాటాడుచు, ఒకే దేవుని పేరు పెట్టుకొని బ్రదుకుచున్నను, యానాదులను గూర్చి ఇతరులు చెప్పిన మాటలే లోకమున ఎక్కువగా వినబడినవి. యానాదులు తమను గూర్చి తాము చెప్పుకొను మాటలు వినినవారు తక్కువ.

ఒక జనసమూహమును గూర్చి ఇతరులు చెప్పు మాట ఎంతవఱకు సత్యము? ఆ మాట వలన కలుగు మేలు కీడులెవ్వి? ఈ ప్రశ్నలకు యానాదుల చరిత్రలో సమాధానము దొరకును.

మొదట పేరు సంగతి చూతము. 'యానాది' అను శబ్దము 'అనాది' నుండి పుట్టినదని కొందఱు చెప్పుదురు. అనగా ఆది తెలియనంతటి ప్రాచీనులని అర్థము. 'యానము' అనగా పడవ కనుక పడవలపై బ్రదికినవారగుటచే ఆ పేరు కలిగినదని మఱికొందఱు చెప్పుదురు. ఈ రెండు అర్థములును గౌరవమైనవే. కాని వారిలోని శాఖల పేర్లు అట్టివి కావు. మంచి యానాదులు, రెడ్డి యానాదులు, చల్లా యానాదులు, కప్పల యానాదులు అని ఆ శాఖలకు పేర్లు. రైతుల యిండ్లలో పాలేరులుగా నుండినవారొక శాఖయైరి. కప్పలను తినుదురని చెప్పి మఱొక శాఖకు ఆ పేరు పెట్టిరి. ఒక శాఖకు 'మంచి' యను విశేషణము చేర్చినచో తక్కిన శాఖలు ఏమగునో చెప్పనక్కఱలేదు. ఈ పేర్లన్నియు నేటికిని ప్రభుత్వపు షెడ్యూల్డు తెగల పట్టికలో వ్రాయబడియున్నవి.

తరువాత వారిని కొలుచువారు వచ్చిరి. ఎడ్గార్ థర్‌స్టన్ అను ఆంగ్లేయుడు 1885 మొదలు మద్రాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు అధికారిగా ఉండెను. ఆయన ఊరూర తిరిగి, ఆయా కులములవారి తలల పొడవు వెడల్పులను, ముక్కుల పొడవు వెడల్పులను కొలమానములతో కొలిచి వ్రాసికొనెను. రంగాచారి అను పండితుడు ఆయనకు తోడ్పడెను. వారి కృషి ఫలితముగా 1909లో దక్షిణ హిందూదేశపు కులములను, తెగలను గూర్చిన గ్రంథము ఏడు సంపుటములుగా వెలువడెను. యానాదుల ప్రస్తావన ఏడవ సంపుటములో కలదు. వారి ఆచారములను, వేటను, మూలికల జ్ఞానమును గూర్చి అందు విలువైన విషయములు పెక్కు కలవు. అందుచే ఆ గ్రంథమును నేటికిని పండితులు చూచుచుందురు.

అయితే ఆ కొలతల వెనుక ఒక నమ్మకము ఉండెను. ఆ కాలమున జనాభా లెక్కల అధిపతియైన రిస్లీ అను ఆయన, ముక్కు వెడల్పు పెరిగినకొలది మనుష్యుని సాంఘిక స్థానము తగ్గునని సిద్ధాంతము చేసెను. ముక్కును కొలిచినచో జాతి తెలియును, జాతి తెలిసినచో గుణము తెలియును అని అప్పటి పెక్కుమంది విద్వాంసులు నమ్మిరి. ఒకే తల్లికి పుట్టిన ఇరువురు బిడ్డల ముక్కులు కూడ ఒకే తీరుగ ఉండవు. ఈ చిన్న విషయము ఇంటింట కనబడుచున్నను ఆ సిద్ధాంతము చాలకాలము చెల్లుబాటయ్యెను.

ఆ నమ్మకమును పిదప శాస్త్రమే త్రోసివేసెను. జాతి యనునది ప్రకృతి కల్పించిన విభాగము కంటె సమాజము అల్లిన కట్టుకథయే ఎక్కువయని 1950లో యునెస్కో సంస్థ ప్రకటించెను. 1972లో రిచర్డ్ లెవాంటిన్ అను జన్యుశాస్త్రజ్ఞుడు మానవుల రక్తములోని లక్షణములను పరిశీలించి, మానవులలో గల జన్యుభేదములలో దాదాపు 85 శాతము ఒకే సమూహములోని వ్యక్తుల నడుమనే ఉన్నవని చూపెను. అనగా ఒక ఊరిలోని ఇద్దఱు యానాదుల నడుమ గల భేదము, యానాదికిని ఇతరునికిని నడుమ గల భేదమునకు తీసిపోదు. చర్మపు రంగు మెలనిన్ అను పదార్థము వలన కలుగును. తీవ్రమైన ఎండకు తట్టుకొనుటకై తరతరములుగా శరీరము చేసికొన్న యేర్పాటది. రంగు ఎండను గూర్చి చెప్పును గాని గుణమును గూర్చి చెప్పదు.

కాని శాస్త్రము మేల్కొనులోపల చట్టము తన పని చేసెను. కొన్ని తెగలవారు పుట్టుకతోనే నేరస్థులని భావించి ఆంగ్ల ప్రభుత్వము 1871లో ఒక శాసనము చేసెను. మొదట అది ఉత్తర హిందూదేశమునకే పరిమితమై యుండెను. 1911లో దానిని తిరిగి వ్రాసి, మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఆ శాసనము క్రింద ప్రకటింపబడిన తెగలవారు తమ పేర్లను నమోదు చేయించుకొనవలెను, వ్రేలిముద్రలు వేయవలెను, నియమిత వేళలకు అధికారుల యెదుట హాజరు కావలెను, అనుమతి లేక ఊరు దాటరాదు. నేరము చేసినవానికి శిక్ష విధించుట న్యాయము. నేరము చేయనివానిని అతని తండ్రి పేరు చూచి శిక్షించుట ఏ న్యాయము? యానాదులలో కొందఱును, వారి పొరుగువారైన యెరుకలును ఆ పట్టికకెక్కిరి. ఇట్టివారిని ఒకచోట కాపలాలో ఉంచుటకై నెల్లూరు జిల్లాలోని కావలియందు ఒక వాసస్థానము నెలకొల్పబడెను.

వేటాడుటకును, మూలికలు తెచ్చుటకును తిరుగుటయే జీవనమైన వారికి ఊరు దాటరాదను ఆజ్ఞ ఎంతటి కష్టమో ఊహింపవచ్చును. తిరిగినచో నేరము, తిరుగకున్నచో పస్తు. ఈ అన్యాయమును ఎదిరించినవారిలో ముఖ్యుడు వెన్నెలకంటి రాఘవయ్య. ఆయన నెల్లూరు జిల్లావాడు, 1897లో జన్మించెను. జాతీయోద్యమమున పాల్గొనెను. యానాదుల గుడిసెలకు పోయి, వారి కష్టసుఖములను విచారించి, వారి కొఱకు సంఘమును నడిపెను; పాఠశాలలకును, ఇండ్ల స్థలములకును పాటుపడెను. యానాదులను గూర్చి ఒక గ్రంథము కూడ రచించెను. భారత ప్రభుత్వము 1973లో ఆయనను పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. ఇట్టివారి కృషి ఫలితముగా నేరస్థ తెగల శాసనము మద్రాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతటను 1952లోను రద్దయ్యెను.

శాసనము రద్దయినను మాట రద్దు కాలేదు. తెలివిలేనివానిని, మాసిన బట్టలు కట్టినవానిని ఎగతాళి చేయుటకు ఈ తెగ పేరునే తిట్టుగా వాడువారు నేటికిని కలరు. పాఠశాలలో తోడిపిల్లలు అట్లు పిలిచిననాడు ఆ బాలుడు బదులు చెప్పడు. మఱునాడు బడికి రాడు. పుస్తకము లేదనియో, జ్వరమనియో ఇంటిలో చెప్పును. ఒక్క మాట వలన ఒక చదువు ఆగిపోవుట ఇట్లే జరుగును.

ఒకరిని గూర్చి మఱొకరు పేరు నిర్ణయించుట ఒక్క నెల్లూరు తీరమునకే చెందిన విషయము కాదు. దక్షిణాఫ్రికాలోని నేటాలునకు చెఱకు తోటలలో పనిచేయుటకై మద్రాసునుండి మొదటి ఓడ 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వఱకు మనదేశపు కూలీలు ఆ దేశమునకు పోవుచుండిరి. వారిలో తెలుగువారును పెక్కుమంది కలరు. స్వదేశమున వారికి వేఱువేఱు కులములు, వేఱువేఱు ఊళ్లు, ఇంటిపేర్లు ఉండెను. అచ్చటి తెల్లవారి కన్నులకు వారందఱును ఒక్కటే: 'కూలీలు'. బారిస్టరు పరీక్ష నెగ్గి 1893లో ఆ దేశమునకు పోయిన గాంధీమహాత్ముని సైతము 'కూలీ బారిస్టరు' అనిరి. ఇచ్చట ఇతరులను తక్కువగా చూచిన కులమువాడును అచ్చట ఆ మాట పడవలసివచ్చెను. తక్కువచూపు ఎట్లుండునో సముద్రము దాటిన తరువాత అతనికి తెలిసెను.

1950లో ఆ దేశమున ప్రతి మనుష్యుని జాతిని ప్రభుత్వమే నిర్ణయించు శాసనము వచ్చెను. సందేహము కలిగినప్పుడు వెండ్రుకలలో పెన్సిలు దూర్చి, అది జాఱునో నిలుచునో చూచి జాతి నిర్ణయించెడివారట! థర్‌స్టన్ కొలమానమునకును ఈ పెన్సిలునకును దూరము లేదు. ఆ శాసనము 1991లో రద్దయ్యెను. అమెరికాలోను 1960కి పూర్వము జనాభా లెక్కలలో లెక్క వ్రాయువాడే మనుష్యుని చూచి జాతిని వ్రాసికొనెడివాడు. ఆ తరువాత క్రమముగా 'నీవెవరవు?' అని ఆ మనుష్యునే అడుగుట మొదలయ్యెను. చూచి వ్రాయుట వేఱు. అడిగి వ్రాయుట వేఱు. ఈ మార్పు చిన్నదిగా తోచును గాని చాల గొప్పది. నేటాలులోని తెలుగువారు కూడ ఇతరులు పెట్టిన పేరుతో తృప్తిపడక 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని, తమ బిడ్డలకు తెలుగు నేర్పుకొనిరి. తాము ఎవరో తామే చెప్పుకొనిరి.

యానాదులు తమను గూర్చి తాము చెప్పుకొనవలసివచ్చినచో ఏమి చెప్పుదురు? మొట్టమొదట నేలను గూర్చి చెప్పుదురు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట వారి ప్రాచీన నివాసము. 1835లో ఆంగ్ల ప్రభుత్వము ఆ దీవిని స్వాధీనము చేసికొనెను. అచ్చటి అడవినుండి యానాదులు తేనె, కుంకుడుకాయలు, సుగంధిపాల వేళ్లు, అద్దకమునకు పనికివచ్చు చిరివేరు మున్నగునవి సేకరించి యిచ్చెడివారు. స్వతంత్ర భారతమున 1969లో ఆ దీవి అంతరిక్ష పరిశోధనకు ఎన్నుకొనబడెను. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటినుండి మొదటి రాకెట్టు ఎగిరెను. నేడు ఆ కేంద్రము సతీష్ ధావన్ పేరు ధరించి, దేశమునకు కీర్తి తెచ్చుచున్నది. ఆ కీర్తి కొఱకు యానాది కుటుంబములు పెక్కు తమ నివాసములను విడువవలసివచ్చెను. రాకెట్టు ఎగిరిన ప్రతిసారియు దేశము చప్పట్లు చరచును. ఆ నేలను విడిచినవారిని కూడ అప్పుడు తలచుకొనుట న్యాయము.

పిదప వారు తమ నేర్పును గూర్చి చెప్పుదురు. ఉప్పుటేటి ఒడ్డున బురదలోని రంధ్రమును చూచి, అది పీత బొఱియ అవునో కాదో యానాది స్త్రీ చెప్పగలదు. పోటు ఎప్పుడు వచ్చునో, పాటు ఎప్పుడు తీయునో ఆమెకు గడియారము అక్కఱలేదు. వరికోతల కాలమున ఎలుకలు గట్లలో కలుగులు త్రవ్వి ధాన్యమును దాచును. రైతు పిలిచినంతనే యానాది వచ్చును. గడ్డి కూరిన చిల్లికుండకు నిప్పుపెట్టి, ఆ పొగను కలుగులోనికి ఊదును. కలుగునకు మఱొక దారి ఎచ్చట నుండునో అతనికి ముందే తెలియును. ఎలుకలు చిక్కును, అవి దాచిన వడ్లును దొరకును. ఈ పనిని మందులు పెట్టి చేసినచో పొలములోని ఇతర ప్రాణులకును హాని కలుగును. యానాది చేసినచో ఎలుక ఒక్కటే పోవును. ముత్తుకూరు కళాశాలలోని విద్యార్థి నీటి ఉప్పదనమును సాధనముతో కొలుచును. చదువు లేని యానాది నాలుకతో తెలిసికొనును. రెండును విద్యలే. మొదటిదానికి పట్టము కలదు, రెండవదానికి లేదు.

ఇట్టి విద్యకు గౌరవము లభింపజేయవచ్చునని చూపిన ఉదాహరణము పొరుగున తమిళనాడులో కలదు. యానాదులవలెనే వేటయు మూలికలును ఎఱిగిన ఇరుళరులు అను తెగవారు చెంగల్పట్టు ప్రాంతమున కలరు. పాములను పట్టుటలో వారు ప్రవీణులు. వారు 1978లో ఒక సహకార సంఘముగా ఏర్పడి, పాముల విషమును తీసి, పాములను తిరిగి అడవిలో విడిచిపెట్టుచున్నారు. పాముకాటునకు విరుగుడు మందు తయారుచేయుటకు ఆ విషము అవసరము. వారిలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అను ఇరువురు 2017లో అమెరికా దేశపు ఫ్లోరిడాకు పిలువబడి, అచ్చట కొండచిలువలను పట్టి చూపిరి. 2023లో వారికి పద్మశ్రీ లభించెను. పాము పట్టుట నిన్న హీనవృత్తి. నేడు ప్రాణములు నిలుపు విద్య. మారినది వృత్తి కాదు, చూచువారి దృష్టి.

నేడు యానాదుల వాడలలో ఈ విషయములపై సంభాషణలు జరుగుచున్నవి. వారిలో చదువుకొన్నవారు పెరిగినకొలది ఆ సంభాషణలును పెరుగుచున్నవి. అన్ని విషయములలో వారి అభిప్రాయములు ఒకటి కావు.

పేరును గూర్చి ఒక వాదము కలదు. ప్రభుత్వపు కాగితములలోను, వాడల ఫలకములపైని వారిని 'గిరిజనులు' అని వ్రాయుదురు. గిరి యనగా కొండ. ముత్తుకూరు ప్రాంతమున కొండ ఎచ్చట? సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినవారిని కొండవారనుట విడ్డూరమే. ఐనను కొందఱు యువకులు ఆ పేరునే కోరుదురు. 'గిరిజనుడనన్నచో ఎవ్వరును నవ్వరు. పాతపేరు చెప్పినచో నవ్వుదురు' అని వారి మాట. 'పేరు మార్చుకొన్నంతమాత్రమున నవ్వువారు మానరు. మన పేరును మనము తలయెత్తి పలికిననాడే అది తిట్టు కాకుండ పోవును' అని మఱికొందఱి మాట.

వృత్తిని గూర్చి మఱొక వాదము కలదు. 'నా మనుమడు కలుగులో చేయిపెట్టరాదు, కలము పట్టవలెను' అని ఒక తాత కోరవచ్చును. 'కలము పట్టుదును తాతా, కాని నీవు ఎఱిగిన మూలికల పేర్లు నాకు చెప్పకపోయినచో అవి నీతోనే పోవును గదా' అని మనుమరాలు అడుగవచ్చును. ఇద్దఱి మాటలోను న్యాయము కలదు. వెట్టిని నిర్మూలించు చట్టము 1976లో వచ్చినను, అప్పునకై రైతుల యిండ్లలోను, చెఱువుల కాపలాలోను తరములు గడిపినవారు ఆ తెగలో కలరు. కావున పాత జీవనమంతయు బంగారమని చెప్పుట సత్యము కాదు. పాత జీవనమంతయు చెత్తయని చెప్పుటయు సత్యము కాదు. ఏది విడువవలెనో ఏది నిలుపుకొనవలెనో నిర్ణయించుకొను అధికారము వారిది.

శాఖలను గూర్చి మూడవ వాదము కలదు. ఇతరులు తమను తక్కువగా చూచుచున్నారని బాధపడు తెగలోనే, ఒక శాఖ మఱొక శాఖతో వియ్యమందుటకు వెనుదీయుట తగునా అని వారిలోని ఆలోచనాపరులు ప్రశ్నించుచున్నారు. ఇది మిక్కిలి కఠినమైన ప్రశ్న. తన ఇంటిలోని దోషమును తానే చూడగలుగుట ఆత్మగౌరవమునకు గుర్తు. ఆ ప్రశ్నను వారు వేసికొనుచున్నారనుట ఆ తెగ మేలుకొనుచున్నదనుటకు నిదర్శనము.

మనుష్యుడెవరో తెలిసికొనుటకు అతని ముక్కును కొలువనక్కఱలేదు. అతని తండ్రి పేరును పట్టికలో వెదకనక్కఱలేదు. అతనిని అడుగవలెను, అతడు చెప్పునది వినవలెను. పాఠశాలలో ఒకే బల్లపై కూర్చుండు విద్యార్థులకు ఇది సులభమైన పని. తోడివిద్యార్థిని అతని తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచినచో చాలును. ఒక శాసనము రద్దగుటకు 81 సంవత్సరములు పట్టెను. ఒక తిట్టు మాటను రద్దుచేయుటకు ఏ శాసనసభయు అక్కఱలేదు. ఒక తరగతి గదిలోని బాలబాలికలు తలచుకొన్నచో అది నేడే రద్దగును. నిన్న బడి మానిన బాలుడు రేపు తిరిగి వచ్చును.